సగం సింహాసనం చాలదన్న రాజు

మా అక్కయ్య కొడుకు అమెరికా వెళ్లడానికి రెండు రోజుల ముందు నందిగామ ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. 2019 జూలై. హాల్లో ఓ మూల రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. పక్కన నూనె కారకుండా మూడు కవర్లు చుట్టిన ఆవకాయ, కందిపొడి పొట్లాలు, బరువు చూసే చేతి కాటా. పీటల మీద కూర్చున్న పిల్లాడి చేతిలో అక్షతలు పెట్టి పురోహితులు సంకల్పం అందుకున్నారు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిక్కు, శ్రీశైలానికి ఈశాన్యం, కృష్ణా గోదావరుల మధ్య ప్రదేశం... అలా పెద్ద చోటు నుంచి చిన్న చోటుకు దిగుతూ వచ్చి ఆ ఇంటి దగ్గర, ఆ పిల్లాడి గోత్రం దగ్గర, పేరు దగ్గర ఆగారు.

చిన్నప్పటి నుంచీ విన్నదే. ఆ పూట మాత్రం ఒక సంగతి తట్టింది. ఇంత పొడుగు చిరునామాలో ఈ దేశం గొప్పదన్న మాట ఎక్కడా లేదు. నేను ఎక్కడ ఉండి ఈ పని చేస్తున్నానో చెప్పుకోవడమే ఉంది.

భోజనాలయ్యాక వసారాలో మాటలు మొదలయ్యాయి. టెక్సాస్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చిన బాబాయ్ తేల్చి చెప్పేశాడు. "ప్రపంచంలో గొప్ప దేశం ఏదంటే అమెరికానేరా. రోడ్డు మీద హారన్ మోత వినపడదు." మా పెదనాన్నకు కోపం వచ్చింది. "అంత గొప్పదైతే పండగ వస్తే మన పిల్లలు ఫోను చేసి ఎందుకు ఏడుస్తారు? ఎప్పటికైనా మన దేశమే గొప్ప." ఎవరో జపాన్ అన్నారు. ఇంకెవరో సింగపూర్ అన్నారు. ప్రయాణమయ్యేవాడు మాత్రం నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "గొప్పదని కాదు మావయ్యా వెళ్లేది. సీటు వచ్చిందని."

అప్పటి నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఏ దేశాన్నయినా ప్రపంచంలోకెల్లా గొప్పది అనగలమా? అనలేమన్నదే నా జవాబు. ఎవరి మనసూ నొప్పించకూడదని చెబుతున్న జవాబు కాదిది. జగ్గయ్యపేట నుంచి పరిటాల దాకా, 65వ నంబరు జాతీయ రహదారి మీద గంట ప్రయాణంలో కనిపించే సాక్ష్యాలను చూసి చెబుతున్నది.

ధనంబోడు రాయి

జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు అనే గుట్ట ఉంది. దాని మీద ఒకప్పుడు బౌద్ధస్తూపం ఉండేది. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. దొరికిన పలకల్లో ఒకటి చక్రవర్తి శిల్పం. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దం నాటిదని అంచనా. దాన్ని చూడాలంటే ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాలి.

రాయి చిన్నదే, అందులో పట్టిన ప్రపంచం పెద్దది. నడుమ చక్రవర్తి నిలబడి ఉంటాడు. సన్నగా, పొడుగ్గా, తలకు బరువైన పాగాతో, మెడలో మందపాటి హారంతో. తల మీద గొడుగు. ఎడమ చెయ్యి గుండెల మీద, కుడి చెయ్యి ఆకాశం వైపు. ఆ చేతి మీదుగా మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఆయన ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ధనం చూసే గృహపతి, మంత్రి. నేలమీద ఇంతకు మించినవాడు లేడని ఒక్క పలకలో చెప్పాలంటే ఇంతకన్నా బాగా చెప్పలేరు.

ఈ చక్రవర్తి మాంధాతేనని పండితుల మాట. జాతక కథల్లో మాంధాత చెయ్యి చరిస్తే ఆకాశం నుంచి రత్నాలు కురుస్తాయి. భూమి అంతా ఏలాడు. అది చాలక స్వర్గానికి వెళ్లాడు. ఇంద్రుడు ఎదురొచ్చి తన సింహాసనంలో సగం ఇచ్చాడు. ఎన్నో యుగాలు అక్కడ కూర్చున్నాక మాంధాతకు ఒక ఆలోచన వచ్చింది. ఈ సగమెందుకు, ఇంద్రుణ్ని చంపితే మొత్తం నాదే కదా అని. ఆ ఆలోచన పుట్టిన క్షణం నుంచి ముసలితనం మొదలైంది. స్వర్గం నుంచి జారి తన తోటలో పడి ప్రాణం వదిలాడు.

నాకు ఈ కథలో అబ్బురమనిపించేది ఆ సగం సింహాసనం. మాంధాత గొప్పవాడు కాదని కథ అనదు. గొప్పవాడే, ఇంద్రుడంతటివాడే. పక్కన ఇంకొకడు సమానంగా కూర్చోవడం భరించలేకపోయాడు, అక్కడ చెడింది. గొప్ప అనే మాటకూ అందరికంటే గొప్ప అనే మాటకూ మధ్య ఉన్న దూరం అది. శిల్పి పతనాన్ని చెక్కలేదు, నాణేలు కురిసే ఘడియనే చెక్కాడు. కథ తెలిసినవాళ్లకు ఆ ఎత్తిన చెయ్యి చూస్తే భయమేస్తుంది.

అదే స్తూపం దగ్గర ఇంకో మాట కూడా రాళ్ల మీద ఉంది. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో వేయించిన శాసనం. తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలిపింది రాజు కాదు, సిద్ధార్థుడనే పనివాడు. నాకచంద్రుడనే పనివాడి కొడుకు. శాసనంలో రాజు పేరు కాలం చెప్పడానికి పనికొచ్చింది. పుణ్యం మాత్రం పనివాడి ఖాతాలో పడింది. ఒక రాజ్యం గొప్పదా అంటే నేను మొదట అడిగేది ఇదే: అందులో పనివాడికి తన పేరు రాయి మీద చెక్కించుకునేంత సంపాదన, ధైర్యం ఉన్నాయా?

పరిటాల వజ్రం, పరిటాల హనుమంతుడు

పేరు దక్కని పనివాడి కథకు పరిటాల దాకా రావాలి. ఈ చుట్టుపక్కల నేల ఒకప్పుడు వజ్రాల గనులు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం పరిటాల గనిలోదని ప్రసిద్ధి. కృష్ణ అవతలి కొల్లూరుదని అనేవాళ్లూ ఉన్నారు. సానపెట్టకముందు 410 క్యారెట్లు, పెట్టాక 140. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో కొన్నాడు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. తర్వాత నెపోలియన్ కత్తిపిడిలో కూర్చుంది. దాన్ని గనిలో మొదట చూసినవాడు ఒక బానిస అని, కాలిలో గాయం చేసుకుని అందులో దాచి పారిపోయాడని, ఓడ మీద అతణ్ని చంపి కాజేశారని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని, అతని పేరు ఆ కథలో కూడా లేదు. ఇంగ్లండు గొప్ప, ఫ్రాన్సు గొప్ప అని యూరపు పుస్తకాలు చెప్పుకున్న రోజుల్లో ఆ గొప్పలో మెరిసిన రాయి మా మెట్టది.

అదే పరిటాలలో రోడ్డు పక్కన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం ఉంది. 2003లో నిలిపారు. హైదరాబాదు బస్సులో వచ్చే పిల్లలకు దూరం నుంచి చూపిస్తూ "ప్రపంచంలోకెల్లా ఎత్తయిన హనుమంతుడు" అని చెప్పుకునేవాళ్లం. నిజమే, చాలా ఏళ్లు ఆ మాట నిలిచింది. తర్వాత శ్రీకాకుళం జిల్లా మడపంలో 171 అడుగుల విగ్రహం వచ్చింది. పరిటాల స్వామికి ఆ బిరుదు పోయింది. అయినా మంగళవారం వచ్చే జనం తగ్గలేదు. తమలపాకుల దండలు తగ్గలేదు. భక్తులు ఎత్తు కొలిచి రాలేదు గనక ఎత్తులో ఓడిపోవడం వాళ్లకు ఓటమి కాలేదు. తన దేశాన్ని ఇలా ప్రేమించేవాళ్లంటే నాకు గౌరవం. పట్టికలో మొదటి వరస దక్కినప్పుడే దేశాన్ని ప్రేమిస్తామంటే ఆ వరస పోయిన రోజున ఏం చేస్తాం?

ఏ కాటా మీద తూస్తున్నారు?

పట్టికలు చాలానే ఉన్నాయి. ఆర్థిక వ్యవస్థ పరిమాణం లెక్కన అమెరికాది మొదటి స్థానం. జనాభాలో 2023లో చైనాను దాటి మనం ముందుకొచ్చాం. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీలో 2025 నివేదిక ప్రకారం మొదటిది ఐస్‌లాండ్, మనది 193 దేశాల్లో 130వ స్థానం. ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపి తూచే ఈ కాటాను 1990లో తయారుచేసినవాడు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. అందులో చెయ్యి వేసినవాడు కేంబ్రిడ్జిలో చదువుకున్న రోజుల నుంచీ అతని స్నేహితుడైన మన అమర్త్య సేన్. రెండు దేశాలు సరిహద్దులో తుపాకులు ఎక్కుపెట్టుకుంటే ఈ ఇద్దరూ కూర్చుని మనిషి బతుకును ఎలా కొలవాలో ఆలోచించారు. ఆ సూచీలో మన స్థానం నాకు బాధ కలిగిస్తుంది, కోపం మాత్రం తెప్పించదు. అది అడిగే ప్రశ్నలు మా ఊరి ఆసుపత్రిలో, మా ఊరి బడిలో నేను అడగదగ్గవే.

అమెరికా మనిషికి పెట్టే వైద్యపు ఖర్చు ఏ దేశమూ పెట్టదు. ఆయుర్దాయంలో మాత్రం జపాన్ కంటే ఐదేళ్లకు పైగా వెనకబడి ఉంది. స్విట్జర్లాండ్ ఏ మంచి పట్టికలో చూసినా పైనే ఉంటుంది. ఆ దేశంలో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో. మన దగ్గర 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే వచ్చింది. ఈ మాట చెప్పి ఛాతీ విరుచుకోబోతే ఇంకో లెక్క ఆపుతుంది. ఆ ఎన్నికల్లో తమ సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అని చెప్పిన సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలో నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. హక్కు ఇచ్చిన దేశంలోనే పేరు చెప్పుకోలేని ఇల్లూ ఉంది. రెండూ మనమే.

ఇక సంతోషం పట్టిక. 2018 నుంచీ ఏటా ఫిన్లాండే మొదటిది. 2025లో మనం 118. ఆ లెక్క ఎలా తీస్తారో చాలామందికి తెలియదు. ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. అన్నిటికన్నా కింది మెట్టు సున్నా, పై మెట్టు పది. మీ బతుకు ఏ మెట్టు మీద ఉందో చెప్పమంటారు. ఆ జవాబుల సగటే స్థానం. ఒకరోజు పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్న అక్కయ్యను ఇదే అడిగాను. చెయ్యి ఆపకుండా, "నాదా, పిల్లాడిదా?" అంది. నీదే అన్నాను. "వాడి వీసా పని అయితే ఎనిమిది. ఇవాళైతే ఐదు." ఆ నిచ్చెన తయారుచేసినవాళ్లు ఒక మనిషి నిలబడే మెట్టు ఇంకొకరి చేతిలో ఉంటుందని అనుకున్నట్టు లేదు. మా ఇళ్లలో మెట్లన్నీ అలాగే ఉంటాయి.

రెండు ముక్కలు

నందిగామ తాలూకా పాత పటం చూస్తే దేశమనే మాట ఎంత జారుడుదో తెలుస్తుంది. మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలో, ఈ తాలూకాలో భాగం. కానీ దాని చుట్టూ నైజాం నేల. అటు పరిటాల జాగీరు నైజాముది. దాని చుట్టూ ఇంగ్లీషు నేల. ఒకదాని కడుపులో ఒకటి. ఇవతల చేలో పండిన జొన్న ఒక రాజుది, గట్టు దాటితే ఇంకో రాజుది. జొన్నల రుచిలో తేడా లేదు.

1947 ఆగస్టు 15న నందిగామలో జెండా ఎగిరింది. కాసిన్ని మైళ్ల దూరంలో పరిటాల ఇంకా నిజాం కింద ఉంది. ఆ ఊరివాళ్లు, చుట్టుపక్కల జాగీరు పల్లెలవాళ్లు ఊరుకోలేదు. అదే ఏడాది తమను తామే స్వతంత్రులుగా ప్రకటించుకుని పరిటాల రిపబ్లిక్ అన్నారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది, ఆ చిన్న రిపబ్లిక్ పని అయిపోయింది. మునగాల 1959లో నల్లగొండ జిల్లాకు వెళ్లింది. పటాల్లో కనపడనంత చిన్న దేశం ఆ పరిటాల రిపబ్లిక్. అయినా మా మెట్టలో నేను గర్వంగా చెప్పుకునే దేశాల్లో అదొకటి. ప్రపంచంలో గొప్ప దేశం కావాలని వాళ్లు అనుకోలేదు. మా ఊరు మేమే ఏలుకుంటాం అన్నారు, అంతే.

ఆ మునగాల రాజు నాయని వెంకట రంగారావు గారి కొలువులో దివానుగా ఉన్నవారు కొమర్రాజు లక్ష్మణరావు. 1877లో మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆ ఊరి తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గాని, తెలుగువాడికి ప్రపంచాన్ని తెలుగులో చూపించాలని అంత పట్టుగా పనిచేసినవాళ్లు తక్కువ. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మండలి మొదటి పుస్తకం ఏమిటో తెలుసా? గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర, 1907లో. అంటే మా పెనుగంచిప్రోలు మనిషి పూనికతో తెలుగు ఇళ్లలోకి వచ్చిన అమెరికా డాలర్లతో రాలేదు, వీసాతో రాలేదు. కట్టెల గుడిసెలో పుట్టి బానిసలను విడిపించిన ఒక మనిషి కథతో వచ్చింది.

ఆయన అక్క భండారు అచ్చమాంబ. 1874లో అదే ఊళ్లో పుట్టింది. బడి ముఖం చూడలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆడవాళ్లు తెలివితక్కువవాళ్లనే మాట అబద్ధమని రుజువు చెయ్యడానికి దేశమంతటి స్త్రీల చరిత్రలు వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1905లో, ముప్ఫై ఒకటో ఏట చనిపోయింది. మన దేశం గొప్పదని ఆమె ఊరికే అనలేదు. ఎవరి గొప్పను దాచిపెట్టారో వెలికి తీసింది.

లక్ష్మణరావుతో కలిసి మండలిలో పనిచేసిన అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామలో పుట్టినవారు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు. మావాళ్లకు ఆ పదవి గుర్తుంది, ఆయన పుస్తకాలు గుర్తులేవు. ఫ్రెంచి విప్లవం, అమెరికా, చైనా, తురుష్క దేశాల చరిత్రలు తెలుగులో రాశారాయన. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాని మనిషి ఇన్ని దేశాల కథలు ఎందుకు తవ్వుకున్నాడు? ఏ దేశం ఏ బరువును ఎలా దించుకుందో చూడ్డానికి. ఫ్రాన్సు రాజును ఎలా దించింది, అమెరికా ఇంగ్లీషువాణ్ని ఎలా పంపింది. ఏది గొప్ప అన్నది మాంధాత ప్రశ్న. వాళ్లు ఇది ఎలా చేశారు అన్నది కాళేశ్వరరావు ప్రశ్న. మా వసారాలో ఆ రోజు మేం అడగాల్సింది రెండోది.

ఒకే దేశం, రెండు ముఖాలు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్‌లో దిగారు. మరుసటి ఏడాది అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఆ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో గాని తెరుచుకోలేదు, తెరిచిన తర్వాత కూడా ఏడాదికి 100 మందికే. సుబ్బారావు చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు, 1948లో అక్కడే కన్నుమూశారు. ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందుతోనే పిల్లల రక్త క్యాన్సరుకు మొదటిసారి కాస్త ఊరట దొరికింది. మెథోట్రెక్సేట్ ఆ దారిలోనిదే, ఇవాళ నందిగామ మందుల షాపులో కీళ్లవాతానికి కూడా ఇస్తారు. పౌరుడిగా వద్దన్నదీ ఆ దేశమే, ప్రయోగశాల తాళం చేతికిచ్చిందీ ఆ దేశమే. దాన్ని గొప్పది అంటే మొదటిది దాచాలి, చెడ్డది అంటే రెండోది దాచాలి. నాకు రెండూ దాచాలని లేదు.

మా మేనల్లుడికీ ఇదే అనుభవం. వాడికి అక్కడ చదువు దొరికింది, పనికి తగ్గ జీతం దొరికింది. గ్రీన్‌కార్డు మాత్రం ఒక్కో దేశానికి 7 శాతమే అన్న నిబంధన వల్ల ఎప్పటికి వస్తుందో తెలియదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్న ప్రకటన వచ్చిన రాత్రి వీధి వీధంతా ఫోన్లు మోగాయి. అప్పుడు బాబాయ్ అమెరికాను ఒక్క మాట అనలేదు, పొగడనూ లేదు. "వాడు అన్నం తిన్నాడో లేదో కనుక్కో" అన్నాడు.

నా మట్టుకు నాకు దేశమంటే ఏమిటో తెలిసిన రోజు ఒకటుంది. 2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. మా బస్సు ఆగిపోయింది, వెనక లారీలు, కార్లు కనుచూపు మేర. చీకటి పడ్డాక దగ్గరి ఊరివాళ్లు ట్రాక్టరులో పులిహోర గంగాళాలు, నీళ్ల క్యాన్లు తెచ్చారు. విస్తరాకులు చాలక న్యూస్‌పేపరు చించి పెట్టారు. తీసుకున్నవాళ్లలో మహారాష్ట్ర లారీ డ్రైవరు, ఒడిశా కూలీలు ఉన్నారు. ఎవరూ ఎవరిది ఏ ఊరని అడగలేదు. ఆ చేతుల్ని తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అదే రోడ్డు అదే చోట 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ మునిగింది. ఏటా పొంగే ఏరు ఎంతెత్తుకు వస్తుందో తెలిశాక కూడా రోడ్డు ఎత్తు పెంచలేకపోయాం. పులిహోర పెట్టిందీ ఈ దేశమే, రోడ్డును వదిలేసిందీ ఈ దేశమే.

మొన్న మా వాడు టెక్సాస్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. గృహప్రవేశం అక్కడ తెల్లవారుజామున, మాకు మధ్యాహ్నం మూడున్నర. అక్కయ్య పట్టుచీర కట్టుకుని, ఫోను స్టీలు చెంబుకు ఆనించి దేవుడి గూటి ముందు కూర్చుంది. అక్కడి పురోహితులు సంకల్పం చెబుతున్నారు. క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే... అమెరికాలో మనవాళ్ల గుళ్లలో అలాగే చెబుతారు. అక్కయ్య కళ్లు మూసుకుని ఆయనతో పాటే పెదాలు కదుపుతోంది. దగ్గరికి వెళ్లి విన్నాను. జంబూద్వీపే, భరతవర్షే అంటోంది. అలవాటు.

"అమ్మా, వినపడుతోందా?" అన్నాడు వాడు.

"వినపడుతోంది నాన్నా" అని దోసిట్లో అక్షతలు ఫోను మీద వేసింది.